మా రేడియో శ్రుతి

మొన్న మా మనవడు తన గదిలో పాటలు వినే సామానంతా విప్పి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. వాడికి పాటల మీద కంటే ఆ సామాను మీద మోజెక్కువ. ఒక ఆంప్లిఫయరు, దాని వెనక తీగలు, ఆ తీగలకి మళ్ళీ తొడుగులు. పాటకీ పాటకీ మధ్య వెనకాల సన్నగా 'గుం' మంటోందని వాడికి తిండి సయించడం లేదు. "కెపాసిటర్ పోయింది నానమ్మా. మంచిది వేస్తే నోరు మూసుకుంటుంది," అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నాను. "దాన్ని కాసేపు అలా ఉండనీరా," అన్నాను. వాడు నాకేదో అయిందన్నట్టు చూశాడు. ఈ వయసులో మేమేం మాట్లాడినా వాళ్ళు అలాగే చూస్తారు కాబట్టి పట్టించుకోలేదు. మంచం అంచున కూర్చుని, వాడు కట్టేసేదాకా విన్నాను. మా అత్తయ్య గుర్తొచ్చింది.

అత్తయ్య అంటే నాన్న చెల్లెలు. మేమప్పుడు జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. నాన్నకి బజార్లో మిరపకాయల కొట్టు. కొట్లో పట్టనప్పుడు బస్తాలు మా వసారాలోకి వచ్చేవి. కొత్తవాళ్ళు మా గుమ్మం ఎక్కుతూనే తుమ్మేవాళ్ళు. మాకు మాత్రం ఆ ఘాటు లేకపోతే ఇంట్లో ఏదో తక్కువైనట్టుండేది. పొద్దున్నే అత్తయ్య జొన్నరొట్టెలు చేసి, వేడి మీద వెన్న రాసి, కాల్చిన పచ్చిమిరపకాయలు ఉప్పేసి నూరి పక్కన పెట్టేది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఇంకో రొట్టె అడిగేదాన్ని. "ఏడుస్తూ తినే పిల్లని నిన్నే చూశానే," అని నవ్వేది.

అత్తయ్యకి చిన్నతనంలో అమ్మవారు పోసింది. బతికి బయటపడింది గాని మొహమంతా మచ్చలు మిగిలిపోయాయి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఆవిడ చేసిన సజ్జబూరెలు రెండేసి తిని, బాగున్నాయని మెచ్చుకుని, కబురు చేస్తామని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ కబురు ఏ దారిలో తప్పిపోయేదో మా ఇంటిదాకా మాత్రం వచ్చేది కాదు.  అత్తయ్య గిన్నెలు సర్దుకుంటూ చిన్నగా పాడుకునేది. ఆ పాట వినడానికే నేను గిన్నెలు తుడిచే పని నాకియ్యమని అడిగేదాన్ని.

మా వీధిలో మొదటి రేడియో మాదే. నాన్న బెజవాడ నించి దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇంటి ముందు దింపినప్పుడు నానమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. పెద్ద చెక్కపెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ, పైన పిల్లికన్నులా వెలిగే పచ్చటి దీపం. మీట తిప్పాక వెంటనే పలికేది కాదు. లోపల దీపాల్లాంటి వాల్వులు వేడెక్కాలి. అప్పుడు వార్నిషూ, వెచ్చబడ్డ దుమ్మూ కలిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత చెక్కబీరువా ఎండలో పెడితే నాకు ఆ వాసనే తగులుతుంది.

పలకడం మొదలుపెట్టాక పాటతోపాటు ఊళ్ళో కరెంటు కూడా మాట్లాడేది. మా ఎదురుగా పిండిమర. అది తిరిగితే గరగర. ఎవరైనా దీపం వేస్తే టప్పుమని ఒక చప్పుడు. ఆకాశంలో ఎక్కడో మెరిస్తే చిటపట. తాతయ్య సాయంత్రం వార్తలు వినేటప్పుడు సరిగ్గా వాన సంగతి దగ్గరే పిండిమర అందుకునేది. "పోయి కాస్త ఆపమని చెప్పవే," అని నన్ను తరిమేవాడు. పిండిమర ఆయన నవ్వి, "మీ తాతగారికి వాన కావాల, వీళ్ళకి పిండి కావాల, నన్నేం చెయ్యమంటావ్ పాపా?" అనేవాడు. ఇవి చాలవన్నట్టు నేను దొడ్లో దీపం మీట టకటకా వేసి తీసి పారిపోయేదాన్ని. లోపల టప్పు టప్పుమనేది. తాతయ్య పిండిమరని తిట్టేవాడు.

ఒక వేసవిలో ఆ చప్పుళ్ళన్నిటికీ తోడు కొత్తది ఒకటి వచ్చింది. ఇది వచ్చిపోయేది కాదు. రేడియో పెట్టిన దగ్గర్నించి కట్టేసేదాకా లోపల 'గుం' మంటూ ఉండేది. గొంతు పూర్తిగా తగ్గించినా అది తగ్గేది కాదు. "తుమ్మెద దూరిందిరా పెట్టెలో," అంది నానమ్మ. నాన్న వెనకచెక్క తీసి నిజంగానే వెతికాడు. ఆ తర్వాత నందిగామ నించి రేడియో బాగుచేసే సాయిబుగారిని పిలిపించాడు. ఆయన లావుపాటి మనిషి, నోటినిండా కిళ్ళీ, మాటకి ముందు నవ్వు. పెట్టెలో తల దూర్చి, "తుమ్మెద కాదండీ. కరెంటు ఒడిదుడుకులు లేకుండా చేసే కండెన్సర్లని ఉంటాయి. వాటిలో తడి ఆరిపోయింది. పేట ఎండలకి మనుషులే ఎండిపోతున్నారు, అవెంతండీ," అన్నాడు. తన దగ్గరున్నవి వేసి వెళ్ళాడు. కొద్దిరోజులు నిశ్శబ్దం. మళ్ళీ తుమ్మెద వచ్చింది, ఈసారి ఇంకా బలిసి వచ్చింది. "సరుకు మంచిది కాదండి. ఇక్కడ ఇదే దొరుకుద్ది," అని ఆయన చేతులెత్తేశాడు. మేమూ అలవాటు పడిపోయాం.

ఆ తుమ్మెదని మెచ్చుకున్నది అత్తయ్య ఒక్కతే. ఒక మధ్యాహ్నం ఆవిడ నడవలో బట్టలు మడత పెడుతోంది. నేను పక్కన పడుకుని చింతగింజలు గీకుతున్నాను. మధ్యాహ్నం వేళ రేడియోలో ఏమీ వచ్చేది కాదు. ఎవరో కట్టెయ్యడం మర్చిపోయారు, అది ఉత్తినే గుమ్మంటోంది. అత్తయ్య ఏదో కూనిరాగం తీస్తూ ఠక్కున ఆగింది. చేతిలో చీర అలాగే పట్టుకుని రేడియో దగ్గరికి వెళ్ళి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, 'స' అంది. గొంతు ఆ చప్పుడులో కలిసిపోయింది. మళ్ళీ అంది. "ఇటు రావే పిల్లా. నా గొంతు ఎక్కడుందో చెప్పు చూద్దాం," అంది. నేను చెవి పెట్టాను. ఎక్కడ పెట్టె ఆగిందో, ఎక్కడ ఆవిడ మొదలైందో నాకు తెలియలేదు.

ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది. సంగీతం నేర్చుకునేవాళ్ళకి వెనకాల తంబుర కావాలి, లేదంటే శ్రుతిపెట్టె అయినా కావాలి. అది లేకపోతే పాట మొదలుపెట్టిన చోటు మర్చిపోయి ఎటో వెళ్ళిపోతుంది. అత్తయ్య రేడియోలో పొద్దున్నే వచ్చే సంగీత పాఠం విని నేర్చుకుంది తప్ప ఆవిడకి గురువు లేడు. తంబుర కొనమని ఒకసారి అడిగితే తాతయ్య, "ఇంట్లో తంబుర పెట్టుకుని కూచుంటే వచ్చే సంబంధాలు కూడా రావు," అన్నాడు. ఆ మాటతో అది ఆగిపోయింది. అందువల్ల ఎంత బాగా పాడినా పై స్థాయికి వెళ్ళేసరికి ఆవిడ గొంతు తడబడేది. తుమ్మెద దొరికాక ఆ తడబాటు పోయింది. వీధి దీపాలు గుడ్డిగా వెలిగిన రోజున కూడా ఆ గుంకారం తన చోటు నించి కదిలేది కాదు. మధ్యాహ్నం మగవాళ్ళు కునుకు తీసే వేళ అత్తయ్య రేడియో పెట్టి, దాని గొంతు పూర్తిగా తగ్గించి, పక్కన గోడకానుకుని పాడేది. "ఏవీ రానప్పుడు రేడియో ఎందుకే, కరెంటు దండగ," అని నానమ్మ సణిగేది. సణుగుతూనే వచ్చి కూర్చునేది.

ఆ ఏడాది ఆవిడ పాట ఎంత మారిందంటే, పిండిమరకి వచ్చిన ఆడవాళ్ళు గంపలు దింపుకుని మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. రేడియోలో పాట అనుకుని, ఎవరు పాడుతున్నారని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆ మాట నాన్న చెవిని పడింది. బెజవాడ రేడియో స్టేషన్లో కొత్తవాళ్ళకి గొంతు పరీక్ష పెడతారని ఎవరో చెప్తే, ఎవరికీ చెప్పకుండా చెల్లెలి పేరు పంపించాడు. రమ్మని పిలుపు వచ్చిన రోజున ఇంట్లో పెద్ద గొడవ.

"మన ఇంటి ఆడపిల్ల ఊరందరి ముందూ పాడ్డవేవిట్రా?" అన్నాడు తాతయ్య.

"ఊరందరి ముందూ కాదు నాన్నా. గదిలో కూచుని పాడుద్ది. మొహం ఎవరికి కనపడుద్ది?" అన్నాడు నాన్న.

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న అత్తయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. తాతయ్య చాలాసేపు చుట్ట కాల్చి, "ఒక్కసారే. అక్కడ కాదంటే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు," అన్నాడు.

ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ అత్తయ్య అంది: "మీ నాన్న అన్నది నిజవేనే. ఆ పెట్టెలో మొహం ఉండదు. గొంతొక్కటే ఉంటది. ఒక్కసారి నా పాట దాంట్లోంచి రావాలే. బూరెలు తినేసి వెళ్ళిపోయినవాళ్ళందరి ఇళ్ళల్లోనూ వినపడాల." నవ్వుతూనే అంది గాని జడ మాత్రం నొప్పెట్టేలా బిగించింది. అంత గట్టిగా ఏదైనా కోరుకోవడం నేను ఆవిడలో అంతకుముందు చూడలేదు.

నాన్న సంబరం చెప్పనలవి కాదు. అత్తయ్య పరీక్ష నెగ్గడం ఆయన లెక్కలో అప్పుడే అయిపోయింది. మిగిలిందల్లా మా ఇంట్లో ఆ పాట ఎలా వినపడాలన్న సంగతే. "నా చెల్లెలు పాడిన రోజున మన పెట్టెలో ఈ తుమ్మెద గోల ఉండకూడదు," అన్నాడు. ఈసారి నాసిరకం సరుకు వద్దని పట్టుబట్టి, మద్రాసు నించి హైదరాబాదు వెళ్ళే లారీ డ్రైవరు ఒకాయనకి చెప్పి పై దేశపు కండెన్సర్లు తెప్పించాడు. ఆ లారీ గరికపాడులో భోజనాలకి తప్ప ఎక్కడా ఆగదు. మండుటెండలో నాన్న గరికపాడు దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఆ చిన్న పొట్లాన్ని చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. వచ్చేసరికి మొహం కందిపోయింది. కుండలో నీళ్ళు రెండు చెంబులు తాగి, పొట్లం విప్పి అందరికీ చూపించాడు. వెండిరంగు గొట్టాలు, చిటికెన వేలంత. నానమ్మ వాటినీ కళ్ళకద్దుకుంది.

సాయిబుగారు నందిగామ నించి తన పెట్టెతో వచ్చి వాటిని అతికించాడు. గుగ్గిలం కాలినట్టు ఒక కమ్మటి పొగ వచ్చింది. మీట తిప్పారు. పచ్చదీపం వెలిగింది. ఏమీ వినపడలేదు. పాడైపోయిందేమో అనుకున్నాం. అంతలో ఎవరో ఇంట్లోనే నిలబడి మాట్లాడినట్టు వార్తలు మొదలయ్యాయి. "అబ్బ! చదివేవాడు ఊపిరి పీల్చుకోడం కూడా వినపడతందే!" అని నాన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. సాయిబుగారు మీసం దువ్వుకున్నాడు. తాతయ్య మొదటిసారి వాన సంగతి ఆసాంతం విన్నాడు. అత్తయ్య తలుపు పక్కన నిలబడి అందరితోపాటు నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ రేడియో పెట్టి, గోడకానుకుని కూర్చుంది. నిశ్శబ్దం. రేడియో గొంతు పెంచింది. సన్నటి సరసర తప్ప ఏమీ లేదు. లేచి చెక్కకి చెవి ఆనించింది. 'స' అంది, ఆగింది, ఇంకాస్త కిందికి దిగి మళ్ళీ అంది. ఏది తనదో తేల్చుకోలేకపోయింది. "నిన్న ఎక్కడ పాడానే పిల్లా?" అని నన్నడిగింది. నాకేం తెలుస్తుంది? నాకు తోచినట్టు గుమ్మని చూపించాను. ఆవిడ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ఆ తర్వాత మేమిద్దరం ఊళ్ళో తుమ్మెద కోసం వెతకడం మొదలుపెట్టాం. ముందు పిండిమర. జొన్నలు పట్టించే వంకతో వెళ్ళి, మోటారు పక్కన నిలబడి అత్తయ్య లోలోపల పాడుకునేది. అది గింజ పడితే ఒక గొంతు, పడకపోతే ఒక గొంతు. నాలుగు మాటలైనా పాడకుండానే మారిపోయేది. అయినా మానలేదు. ఇంట్లో జొన్నపిండి పేరుకుపోయింది. అది చాలక కారం పట్టించింది, పసుపు పట్టించింది. "ఊరికి సంతర్పణ చేస్తన్నావటే?" అంది నానమ్మ. కారం పట్టేటప్పుడు పాడబోయి అత్తయ్యకి దగ్గు ముంచుకొచ్చి, పిండిమర ఆయన పరుగెత్తుకుంటూ మజ్జిగ తెచ్చాడు. వీధి చివర కరెంటు స్తంభానికి కూడా చెవులు పెట్టి చూశాం. దార్న పోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో మరి. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆవిడ పాట మళ్ళీ పాతరోజుల్లోలాగా తడబడసాగింది.

"నాన్నకి చెప్పు అత్తయ్యా," అన్నాను.

"ఏవని చెప్పనే? బాగుపడ్డ రేడియోని పాడుచేసి పెట్టమనా?"

నేనే చెప్పాను. సాయిబుగారు సంత రోజున పేట వచ్చి, మా వసారాలో నాన్నతో కాఫీ తాగుతున్నాడు. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడి, తుమ్మెద పోయినందువల్ల అత్తయ్య పాడలేకపోతోందని గట్టిగా చెప్పేశాను. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వసారా అంతా నవ్వులే నవ్వులు. సాయిబుగారికి కిళ్ళీ గొంతులో అడ్డం పడింది. "ఎంత మాటండీ! బాగుచెయ్యడం కష్టం గాని పాడుచెయ్యడం ఎంతసేపండీ? పాత సరుకు నా సంచీలోనే పడుంది, ఊఁ అంటే ఇప్పుడే తగిలిస్తా," అన్నాడు. నాన్న కళ్ళు తుడుచుకుంటూ లోపలికి తిరిగి, "ఏం చెల్లాయ్? పాడుచేయించమంటావా?" అని అడిగాడు.

అత్తయ్య గుమ్మంలో ఖాళీ గ్లాసుల కోసం నిలబడి ఉంది. నేను ఆవిడ మొహంలోకి చూస్తున్నాను. ఊఁ అంటుందనే అనుకున్నాను. ఆవిడ నాన్న వంక చూసింది. ఎండకి కందిన ఆయన మెడ ఇంకా పొరలు ఊడుతూనే ఉంది. "దాని మాటలకేవుందిలే అన్నయ్యా," అని నవ్వేసి గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. నన్ను అబద్ధాలకోరుని చేసిందని ఆ పూట నేను ఆవిడతో మాట్లాడలేదు.

బెజవాడకి నన్నూ తీసుకువెళ్ళారు. క్యారియర్లో పెరుగన్నం, మాగాయ. అత్తయ్య ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. స్టేషన్లో ఆవిణ్ణి ఒక్కదాన్నే లోపలికి పంపారు. నాన్న వరండాలో అటూ ఇటూ తిరిగాడు. బయటికి వచ్చినప్పుడు ఆవిడ చీరచెంగు వేలికి చుట్టుకుని ఉంది. ఏమైందో బస్సెక్కాక చెప్పింది.

"మంచివాళ్ళే అన్నయ్యా. కూచోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తంబుర తెచ్చి, మీ శ్రుతి ఎంతమ్మా అనడిగారు. ఎంతేవిటో నాకేం తెలుసు? మా రేడియో అంత, అన్నా. పాపం వాళ్ళు నవ్వాపుకున్నారు. సరే, ఆడవాళ్ళకి సరిపోద్దని ఏదో ఒకటి పెట్టారు. అది నాది కాదు. కాస్త ఎత్తులో ఉంది. పైకెళ్ళేసరికి గొంతు చీరుకుపోయింది. నేర్చుకుని మళ్ళీ రమ్మన్నారు."

"వెళ్దాంలే చెల్లాయ్, మళ్ళీ వెళ్దాం," అన్నాడు నాన్న. తాతయ్య మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు. ఏడాది తిరక్కుండానే జి.కొండూరులో ఒక రైతు సంబంధం వచ్చింది. భార్య పోయి, పిల్లలున్న మనిషి. ఆయన మంచివాడే. అత్తయ్య ఆ పిల్లల్ని కన్నబిడ్డల్లా పెంచింది. పాడడం మాత్రం ఎవరూ వినలేదు. పండక్కి వచ్చినప్పుడు పాడమని అడిగితే, "అవన్నీ ఎప్పుడో మర్చిపోయానే," అని పప్పు రుబ్బుకునేది.

నాకు పెళ్ళై నందిగామ వచ్చాను. మా అమ్మాయికి సంగీతం చెప్పే పంతులమ్మగారు ఒక సాయంత్రం ట్యూబులైటు వేయగానే అది గుమ్మంది. అచ్చం మా తుమ్మెద గొంతే; రేడియోలోనూ, లైటులోనూ గుమ్మనేది అదే కరెంటు. పంతులమ్మగారు నవ్వుతూ హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి, "చూశారా అండీ, మా లైటు కూడా ఇంచుమించు ఐదు శ్రుతే. పాట పాడుచెయ్యకుండా పిల్లలకి తోడు పాడుద్ది," అన్నారు. శ్రుతి ఎత్తుని ఇలా అంకెల్లో చెప్తారని నాకప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో అత్తయ్యకి ఐదు అని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రేడియో మళ్ళీ పాడుచెయ్యక్కర్లేదు. స్టేషన్లో అడిగినప్పుడు ఐదండీ అంటే చాలు, వాళ్ళు తంబుర ఐదుకి బిగించేవాళ్ళు. అత్తయ్య పాట ఆ పెట్టెలోంచి వచ్చేది. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి ప్రేమించాం, మెచ్చుకున్నాం. మాలో ఒక్కరికీ ఆ చిన్న సంగతి తెలియదు. నాకు ఇప్పటికీ అదే బాధ.

నాన్నకి చెప్పాను. అప్పటికి ఆయన ముసలివాడయ్యాడు. అత్తయ్యతో కలిసి స్తంభాలకి చెవులు పెట్టిన సంగతి కూడా చెప్పాను.  వారం తిరిగేసరికి బెజవాడ వెళ్ళి, కరెంటుతో పలికే శ్రుతిపెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని జి.కొండూరు బయల్దేరాడు.

అత్తయ్య జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మమ్మల్ని చూసి సంబరపడి, జొన్నరొట్టెలకి పిండి కలపబోయింది. నాన్న ఆవిణ్ణి కూర్చోబెట్టి, పెట్టె బల్ల మీద పెట్టి, మీట తిప్పాడు. "ఐదు మీద పెట్టా చెల్లాయ్. నీదే. పాడు," అన్నాడు. గది నిండా ఆ గుంకారం నిండింది. అత్తయ్య పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. పెదవులు కదిలాయనుకున్నాను. కాసేపటికి లేచి, మోచేత్తో మీట కట్టేసి, "పక్క గదిలో పిల్లాడు పరీక్షలకి చదూకుంటన్నాడు అన్నయ్యా," అంది.

వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "అప్పుడు నాన్న అడిగితే ఎందుకు నవ్వేశావ్ అత్తయ్యా? ఊఁ అంటే సరిపోయేదిగా?"

ఆవిడ రొట్టె తడుతూనే చెప్పింది. "ఊఁ అంటే ఆ పూటే పాడుచేయించేవాడు మీ నాన్న. నాకు తెలుసు. అంతెండలో గరికపాడు దాకా తొక్కుకుంటా వెళ్ళొచ్చినవాణ్ణి, నా పాట బాగా వినాలని ఆశపడ్డవాణ్ణి, ఎట్టా అడగనే? గొంతులో ఉందిగా, వెతుక్కుంటే దొరుకుద్దిలే అనుకున్నా. దొరకలా."

తిరుగు బస్సు ఇబ్రహీంపట్నం దాటింది. నాన్న అడిగాడు. "అప్పుడు అది నవ్వకుండా చెప్పుంటే నేను చెయ్యనా? ఆ మాత్రం చెయ్యననుకుందంటావా?"

చెప్పనా మాననా అని తటపటాయించాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "కాదు నాన్నా. చేస్తావని తెలిసే నవ్విందిట," అన్నాను.

ఆయన ఏమిటన్నట్టు నా వైపు తిరిగాడు. బస్సు హోరులో వినపడలేదేమో అనుకుని చెవి దగ్గరికి వంగి మళ్ళీ గట్టిగా చెప్పాను.

"వినపడిందమ్మా," అన్నాడు. "ముందే వినపడింది."

 నాన్నా, అత్తయ్యా పోయి చాలాకాలమైంది. నానమ్మ లేదు, పిండిమరకి వచ్చి మా అరుగు మీద గంపలు దింపుకున్న ఆడవాళ్ళూ లేరు. అత్తయ్య గొంతు విన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నా తర్వాత అలాంటి పాట ఒకటి ఉండేదని తెలిసినవాళ్ళు కూడా ఉండరు.